ఎర్రగడ్డ అన్నందుకు తప్పు వేశారు



బెంగళూరులో మా సంఘానికి వచ్చే ఒక పెద్దమ్మ ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా ఈ నగరం వీధులు ఊడ్చిన మనిషి. ఇంట్లో తెలుగు, పనిలో మేస్త్రీతో కన్నడం, పక్కింటివాళ్ళతో తమిళం. మూడు భాషలూ బడి గడప తొక్కకుండానే నేర్చుకుంది. ఒక తెల్లవారుజామున ఆమె చేతిలో చీపురు జారిపోయింది, నోట మాట ఆగిపోయింది. పక్షవాతం. ప్రాణం నిలిచింది గానీ కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. కొన్ని వారాల తర్వాత మాట పరీక్ష చేస్తారంటే ఆమె కొడుకుతో పాటు మేమూ ఆసుపత్రికి వెళ్ళాం.

ఆమె ముందు బొమ్మల కార్డులు పెట్టారు. మొదట కన్నడంలో అడిగారు. జవాబు రాకపోతే ఇంగ్లీషులో అడిగారు. ఇంగ్లీషు ఆమెకు ఏనాడూ రాదు. ఉల్లిపాయ బొమ్మ చూపించినప్పుడు పెద్దమ్మ చాలాసేపు పెదాలు కదిపింది, ముఖమంతా చెమట పట్టింది. చివరికి "ఎర్ర... ఎర్రగడ్డ" అంది. పక్షవాతం వచ్చాక ఆమె నోట మేము విన్న మొదటి పూర్తి మాట అదే. పరీక్ష చేస్తున్న అమ్మాయి కాగితం మీద తప్పు గుర్తు వేసి తర్వాతి కార్డు తీసింది. "మేడం, మా ఇంట్లో దాన్ని అట్లే అంటాము" అని కొడుకు అన్నాడు. కన్నడంలో చెప్పాలి అని జవాబు వచ్చింది. పెద్దమ్మ ఆ తర్వాత ఏ కార్డుకూ నోరు తెరవలేదు.

ఆ అమ్మాయిని మేము నిందించడం లేదు. ఆమెకు తెలుగు రాదు. ఆమె చేతిలో తెలుగు పరీక్ష లేదు. వరండాలో ఇంకా ఎంతోమంది వేచి ఉన్నారు. మేము నిందిస్తున్నది రోగిని "నీ భాష ఏది?" అని ఒక్కసారైనా అడగని ఏర్పాటును. దానికంటే ముందు, మాట పోయినవారి పట్ల మన సంఘాలు నడుచుకుంటున్న తీరును.

పోయింది మాట, మనిషి కాదు

పెద్దమ్మకు వచ్చినదాన్ని వైద్యులు అఫేజియా అంటారు. చాలామందిలో మెదడు ఎడమవైపున ఉండే భాషా భాగాలు దెబ్బతింటే ఇది వస్తుంది. ఎక్కువగా పక్షవాతం వల్ల, కొన్నిసార్లు తలకు తగిలిన గాయం వల్లో కణితి వల్లో వస్తుంది. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికి ఎంతో కొంత అఫేజియా ఉంటుంది. అంటే మన వాడల్లో, మన బస్తీల్లో ఇది అరుదైన జబ్బు కాదు. పేరు తెలియని జబ్బు, అంతే.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు ఒక రోగిని చూశాడు. ఆ మనిషి నోట "టాన్" అనే ఒక్క ముక్క తప్ప దాదాపు ఏమీ వచ్చేది కాదు. ఎదుటివారు చెప్పింది మాత్రం చాలావరకు గ్రహించేవాడు. చనిపోయాక చూస్తే మెదడు ఎడమవైపు ముందుభాగం పాడైపోయి ఉంది. 1874లో కార్ల్ వెర్నికె అనే జర్మన్ వైద్యుడు మరో రకాన్ని వివరించాడు. ఈ రకంలో మాటలు గలగలా వస్తాయి, కానీ ఒకదానికి బదులు ఒకటి పడతాయి, ఎదుటివారి మాట కూడా సరిగా అందదు. మొదటి రకం వారిని మనవాళ్ళు "మొద్దుబారిపోయాడు" అంటారు. రెండో రకం వారిని "పిచ్చి పట్టింది" అంటారు. రెండూ అబద్ధాలే. తన బిడ్డలెవరో, తన బాకీలేమిటో, తనను ఎవరు చిన్నచూపు చూశారో ఆ మనిషికి తెలుసు. పలికే దారి మాత్రమే మూసుకుపోయింది.

తీర్పు మన ఇంటినుంచే మొదలుపెడదాం

హఠాత్తుగా మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒకవైపు చెయ్యి పడిపోయినా అది పక్షవాతం కావచ్చు. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు అర్హులైన రోగులకు సాధారణంగా 4.5 గంటల లోపే ఇవ్వాలి. ఆ గంటలను మనం ఎక్కడ ఖర్చు చేస్తున్నాం? 108కి ఫోన్ చేయాల్సిన సమయంలో పాస్టరుకు ఫోన్ చేస్తున్నాం. నూనె రాసి, తల మీద చేతులుంచి, తెల్లవారేదాకా ప్రార్థన చేసి అప్పుడు ఆసుపత్రికి తీసుకుపోయిన ఇళ్ళు మాకు తెలుసు. ప్రార్థన అంబులెన్సులో కూడా చేయవచ్చు. అలా చెప్పడం కాపరిగా మా బాధ్యత. చెప్పని కాపరి ఆ కుటుంబానికి లెక్క చెప్పాలి.

ఆ తర్వాత జరిగేది ఇంకా ఘోరం. "మూగ దయ్యం పట్టింది" అని స్వస్థత కూడికల్లో మైకు పట్టుకుని అరిచేవారు ఉన్నారు. మాట రాని మనిషిని వేదిక ఎక్కించి "హల్లెలూయా అను, అను" అని వేలమంది ముందు పీడిస్తారు. రాకపోతే ఆమెకు విశ్వాసం లేదంటారు. ఆమె కాదనలేదు, ఎందుకంటే కాదనడానికి మాట లేదు. నోరులేనివారి మీద ఇంతకంటే సులువైన దౌర్జన్యం ఇంకేముంటుంది?

అలాంటి బోధకులు మార్కు సువార్త 7వ అధ్యాయం తెరవాలి. అక్కడ చెవిటివాడై, మాట సరిగా రాని ఒక మనిషి ఉన్నాడు. దయ్యం అన్న ప్రస్తావనే అక్కడ లేదు. యేసు అతన్ని వేదిక ఎక్కించలేదు. జనసమూహంలోనుంచి పక్కకు తీసుకుపోయాడు. చేతితో ముట్టి, ఆ మనిషికి అర్థమయ్యే విధంగా ముందు సైగతో మాట్లాడాడు. తర్వాత ఒక్క అరమాయిక్ మాట పలికాడు, ఎప్ఫతా. గ్రీకులో రాస్తున్న మార్కు ఆ మాటను గ్రీకులోకి మార్చేసి ఊరుకోలేదు. పలికింది పలికినట్టే ఉంచి పక్కన అర్థం రాశాడు. ఏ భాషలో స్వస్థత మాట పలికారన్నది సువార్త రాసినవాడికి ముఖ్యమే అనిపించింది. మనకు ఎందుకు అనిపించదు?

జెకర్యా కథ ఎత్తి "అవిశ్వాసం వల్లే మాట పోయింది" అనేవారు ఆ కథను చివరిదాకా చదవాలి. బిడ్డకు పేరు పెట్టే రోజున చుట్టాలు మాట లేని ఆ తండ్రిని పక్కన పెట్టలేదు. ఏ పేరు పెట్టాలో ఆయన్నే అడిగారు. ఆయన పలక అడిగి తీసుకుని రాశాడు, రాసిందే నిలిచింది. మన ఇళ్ళల్లో పక్షవాతం వచ్చిన తండ్రిని కూతురి పెళ్ళి సంగతి ఎవరైనా అడుగుతున్నారా? సంఘ పెద్దగా ఉన్న మనిషికి మాట పోయాక కమిటీలో ఆయన కుర్చీ ఎన్ని వారాలు ఉంచాం?

మూడు భాషల మనిషికి ఒక భాషలో పరీక్ష

ఇప్పుడు ఆసుపత్రి సంగతికి వద్దాం. ఒకటికంటే ఎక్కువ భాషలు వచ్చినవారికి అఫేజియా వస్తే ఏ భాష ముందు తిరిగి వస్తుంది? ఇది పాత ప్రశ్న. మొదట నేర్చుకున్నదే గట్టిగా నిలుస్తుందని 1881లో ఫ్రాన్స్‌కు చెందిన రిబో అన్నాడు. కాదు, జబ్బుకు ముందు ఎక్కువగా వాడిన భాషే ముందు వస్తుందని 1895లో పీత్ర్ అన్నాడు. కెనడాలో మిషెల్ పరాదీ ఎన్నో కేసులు పోగుచేసి చూస్తే ఏ ఒక్క సూత్రమూ అందరికీ సరిపోలేదు. చాలామందిలో భాషలన్నీ ఇంచుమించు కలిసే కోలుకుంటాయి. కొందరిలో ఒకటి ముందు వచ్చి మరొకటి వెనకబడుతుంది. కొందరిలో ఒకటి అసలు రాదు. ఇంకొందరిలో భాషలు కలగాపులగమవుతాయి. అందుకే రోగికి తెలిసిన ప్రతి భాషలోనూ పరీక్షించాలని ఆయన వాదించాడు, దానికోసం ఎన్నో భాషల్లో పరీక్షలు తయారు చేయించాడు.

తప్పు భాషలో పరీక్ష చేస్తే ఏమవుతుంది? జబ్బు వల్ల రానిది ఎంతో, ఆ భాషే సరిగా రాక రానిది ఎంతో విడదీయలేము. చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఉన్న మాట కూడా లేనట్టు కాగితం మీదకు ఎక్కుతుంది. మా పెద్దమ్మకు జరిగింది అదే.

బహుభాషలు మన జనానికి బరువు కాదు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం పక్షవాతం వచ్చిన 608 మంది వివరాలు పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. రెండు అంతకంటే ఎక్కువ భాషలు వచ్చినవారిలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగానే ఉంది. ఒకే భాష వచ్చినవారిలో అది 19.6 శాతమే. అఫేజియా వచ్చే అవకాశం మాత్రం ఇరువురిలో పెద్ద తేడా లేదు. అంటే వీధిలో, పనిలో, పక్కింట్లో నేర్చుకున్న భాషలు ఈ బీదల మెదడుకు ఆస్తి. ఆ ఆస్తిని లెక్కలోకి తీసుకోకుండా "ఇకమీదట ఈమెతో ఒకే భాషలో మాట్లాడండి" అని ఆసుపత్రిలో ఒక మాట అనేసి పంపుతున్నారు. ఆ ఒక్క భాష ఏదో నిర్ణయించేముందు ఆమెను అడిగారా?

తెలుగులో పరీక్షలు లేవా అంటే ఉన్నాయి. వెస్టర్న్ అఫేజియా బ్యాటరీ వంటి వాటిని తెలుగులోకి తెచ్చారు. కానీ సరిహద్దు దాటితే అవి మన దగ్గరికి రావు. వచ్చినా అందులో మన తెలుగు ఉండాలి కదా. కోలారు, చిత్తూరు వైపు మనుషులకు అది ఎర్రగడ్డ, ఉర్లగడ్డ, చెనిక్కాయ. పుస్తకంలో అది ఉల్లిపాయ, బంగాళాదుంప, వేరుశనగ. షోలాపూర్ నేతపని వాళ్ళ తెలుగులో మరాఠీ కలిసి ఉంటుంది, బరంపురం తెలుగులో ఒడియా కలిసి ఉంటుంది. చెన్నై ఉత్తరాన ఉన్న మన పేటల్లో తెలుగు మాట్లాడతారు గానీ చాలామందికి తెలుగు అక్షరం రాదు. యానాంలో పుట్టి పెరిగి తెలుగులోనే బతికినవారు పెద్దాసుపత్రి అంటూ పుదుచ్చేరి పోతే చుట్టూ తమిళమే. ఇన్ని తెలుగులు ఉన్నప్పుడు ఇంటివాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని "మీరు దీన్ని ఏమంటారు?" అని ముందు అడగడమే సరైన పద్ధతి. దానికి పైసా ఖర్చు లేదు.

కోలుకోవడానికి గంటలు కావాలి

"ఆరు నెలలు దాటితే ఇక మాట రాదు" అని ఇంటివాళ్ళకు చెప్పి పంపేస్తున్నారు. ఇది నిజం కాదు. మొదటి నెలల్లో మార్పు వేగంగా ఉంటుందన్నది నిజమే. కానీ జర్మనీలో పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటిన 156 మందితో ఒక పరిశోధన చేశారు, 2017లో ఫలితాలు వచ్చాయి. వారానికి కనీసం పది గంటల చొప్పున మూడు వారాలు మాట చికిత్స ఇస్తే రోజువారీ సంభాషణ మెరుగైంది. అదే మూడు వారాలు వేచి ఉన్నవారిలో ఆ మార్పు రాలేదు. 2016లో కాక్రేన్ సంస్థ సమీక్ష 57 ప్రయోగాలను, 3,002 మంది రోగులను కలిపి చూసి స్పీచ్ థెరపీ వల్ల మేలు ఉందని తేల్చింది. 2022లో వచ్చిన మరో పెద్ద విశ్లేషణలో మొత్తం మీద 20 నుంచి 50 గంటల చికిత్స పొందినవారిలో ఎక్కువ మెరుగుదల కనిపించింది.

అందరికీ పూర్తిగా మాట తిరిగి వస్తుందని మేము చెప్పడం లేదు. దెబ్బ ఎంత పెద్దది, ఎక్కడ తగిలింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక భాషలో చేయించిన సాధన రెండో భాషకు పాకుతుందా అన్నది కూడా మనిషిని బట్టి మారుతోంది. కొందరిలో పాకింది, కొందరిలో పాకలేదు. కాబట్టే ఏ భాషలో సాధన చేయించాలన్నది ఇంత ముఖ్యం.

ఇక మా పెద్దమ్మకు దక్కింది చూడండి. మూడు వారాలకు ఒకసారి, అరగంట. అది కూడా కొడుకు కూలి మానుకుని, ఆటోకు డబ్బు పెట్టి తీసుకుపోతేనే. నాలుగోసారి పోలేదు. ఫైలులో "రోగి రావడం మానేసింది" అని రాసి ఉంటారు. మానేసింది ఎవరు? వీధులు ఊడ్పించుకున్న నగరమా, ఊడ్చిన మనిషా?

అడ్డు చెప్పేవారికి

"కర్ణాటకలో ఉంటూ తెలుగు అడగడమేమిటి?" అంటారు. మేము కన్నడానికి వ్యతిరేకులం కాదు. మా పిల్లలు కన్నడం చదువుతున్నారు, చదవాలి కూడా. కానీ దెబ్బతిన్న మెదడు రాష్ట్రాల సరిహద్దు చూసి కోలుకోదు. ఇదే న్యాయం అనంతపురంలో ఉన్న కన్నడిగుడికి, చిత్తూరులో ఉన్న తమిళుడికి, శ్రీకాకుళంలో ఉన్న ఒడియా తల్లికి కూడా దక్కాలి. అక్కడి తెలుగు ఆసుపత్రులు వాళ్ళను తెలుగులోనే చెప్పమని ఒత్తిడి చేస్తే అదీ అన్యాయమే, దాన్నీ ఖండిస్తాం.

"స్పీచ్ థెరపిస్టులే తక్కువ, తెలుగు వచ్చినవారిని ఎక్కడ తెస్తాం?" అంటారు. తక్కువే. కానీ దుబాసీ ఉండవచ్చు. ఇంటివాళ్ళకు నేర్పి పంపవచ్చు. మైసూరులో వాక్ శ్రవణ సంస్థ ఉంది, హైదరాబాదులో నిపుణులు ఉన్నారు, ఫోన్‌లో వీడియో ద్వారా కలపవచ్చు. కొరత ఉందన్నది నిజం. ఆ కొరత ఎప్పుడూ బీదవాడి భాష దగ్గరే ఎందుకు మొదలవుతుందన్నది మా ప్రశ్న.

ఇది దయ అడగడం కూడా కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో వాక్, భాషా వైకల్యం ఒకటి, దాని నిర్వచనంలో అఫేజియా పేరు పెట్టి మరీ ఉంది. మాట శాశ్వతంగా దెబ్బతిన్నవారు ధ్రువపత్రానికి, యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే చట్టం ప్రత్యేక హక్కులు ఇస్తోంది. ఈ సంగతి మన సంఘాల్లో ఎంతమంది పాస్టర్లకు తెలుసు? ఆ శాతాన్ని నిర్ణయించే పరీక్ష రోగి భాషలో జరగాలని మనం కలిసి వినతిపత్రం ఇవ్వాలి. జిల్లా ఆసుపత్రి కేసు షీటులో రోగికి తెలిసిన భాషలు, ఇంట్లో వాడే భాష రాయడానికి రెండు గీతల చోటు అడగాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు.

సంఘం దగ్గర ఉన్నది

ఆసుపత్రి దగ్గర లేనిది మన దగ్గర ఉంది. మనుషులు, గంటలు, తెలుగు. కెనడాలోని టొరంటోలో ఆరా కేగన్ బృందం అఫేజియా ఉన్నవారితో ఎలా సంభాషించాలో మామూలు వాలంటీర్లకు నేర్పింది. 2001లో ప్రచురించిన ఆ పరిశోధనలో శిక్షణ పొందినవారు మెరుగ్గా మాట్లాడించడమే కాదు, ఏ శిక్షణా పొందని రోగులు కూడా సంభాషణలో మరింతగా పాల్గొన్నారు. అంటే లోపం ఆ మనిషిలోనే కాదు, ఎదురుగా కూర్చున్న మనలోనూ ఉంది.

నేర్చుకోవాల్సింది కష్టం కాదు. టీవీ ఆపండి. ఎదురుగా కూర్చోండి. ఒక్కసారికి ఒక్క సంగతే మాట్లాడండి. ముఖ్యమైన మాటను కాగితం మీద రాయండి, బొమ్మ గీయండి, వేలితో చూపించండి. అవును, కాదు అని జవాబు చెప్పగల ప్రశ్న వేయండి. అన్నిటికంటే ముఖ్యం, ఆగండి. మాట వెతుక్కునే మనిషికి బదులు మీరు వాక్యం పూర్తి చేయకండి. అర్థం కాకపోయినా అయినట్టు తల ఊపకండి.

పాట గురించి ఒక హెచ్చరిక. మాట రానివారు చిన్నప్పటి కీర్తన పాడటం, పరలోక ప్రార్థన చెప్పడం మీరు చూసే ఉంటారు. వెయ్యిసార్లు పలికి అలవాటైనవి, రాగంతో ముడిపడినవి అలా మిగలడం వైద్యులకు చాలాకాలంగా తెలుసు. ఆ ఆధారంతోనే 1970లలో అమెరికాలోని బోస్టన్‌లో రాగంతో, లయతో మాట రాబట్టే ఒక చికిత్సా పద్ధతిని తయారు చేశారు. కాబట్టి తప్పకుండా కలిసి పాడండి, చేత్తో తాళం వేయించండి. కానీ కీర్తన వచ్చినంత మాత్రాన "మాట వచ్చేసింది" అని మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పించకండి. కీర్తన పాడిన ఆ అమ్మే మరునిమిషంలో మంచినీళ్ళు అడగలేకపోవచ్చు. మనం గంతులేసి వెళ్ళిపోతాం, ఆమె దాహంతో ఉండిపోతుంది.

యౌవనస్థులారా, ఈ పని మీది. మీలో చాలామందికి తెలుగు చదవడం రాదు, మాట్లాడటమూ అరకొరే. ఫర్వాలేదు. మీ అవ్వకు పక్షవాతం వచ్చి ఆమెకు తెలుగొక్కటే మిగిలితే, ఆమె చెప్పే నాలుగు మాటలు పట్టుకోగల మనిషి ఇంట్లో ఉండాలి కదా. మీ చేతిలో ఫోన్ ఉంది. వంటింట్లో గిన్నెలు, గూట్లో మాత్రలు, మనవల ముఖాలు ఫొటోలు తీయండి. ఒక్కోదాన్ని మీ ఇంట్లో ఏమంటారో ఆ గొంతుతోనే రికార్డు చేయండి. ప్రతి సంఘంలో నలుగురు యౌవనస్థులు వారానికి రెండు రోజులు, రోజుకు గంట ఒక్క మనిషి దగ్గర కూర్చుంటే ఆరు నెలల్లో యాభై గంటలు దాటుతాయి. అది థెరపిస్టు చికిత్సకు బదులు కాదు, కానీ మూడు వారాలకో అరగంట అన్న కరువు మధ్యలో అది అన్నం.

మా పెద్దమ్మ దగ్గర మేము మొదలుపెట్టాం, చాలా ఆలస్యంగా. ఇప్పుడు ఆమెకు పదిహేను దాకా మాటలు వస్తాయి, కొన్ని రోజులు అవీ రావు. కార్డుల్లో మొదటిది ఆమె వంటింటి బుట్టలోని ఎర్రగడ్డ ఫొటోనే. అది చూపించినప్పుడల్లా ఆమె అంటుంది. మేము ఒప్పు గుర్తు వేస్తాం.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మీ సంఘంలో ఒక్క ప్రశ్న వేయండి. "పక్షవాతం వచ్చాక గుడికి రావడం మానేసింది ఎవరు?" పేర్లు వస్తాయి. ఆ సాయంత్రమే వాళ్ళ ఇంటికి పోండి. పది నిమిషాల ప్రార్థన చేసి లేచి రాకండి. కూర్చోండి.